స్కోరు దాచిన బుధవారాలు

ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసినదంతా ఒక పేషెంటు బీపీ చూస్తూ నేర్చుకున్నదే. గోలు పడితే పైకి పోయేది. పెనాల్టీ అంటే ఇంకా పైకి పోయేది. ఆట సగంలో విరామం ఇస్తే నెమ్మదిగా దిగేది. ఇప్పటికీ ఎక్కడైనా టీవీలో ఆ ఆట కనబడితే నా చెయ్యి బీపీ పట్టీ కోసం వెతుక్కుంటుంది. నేను రిటైరైన సంగతి చేతికి ఇంకా తెలియలేదు.

మొన్న ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ఇద్దరు నర్సింగు అమ్మాయిలు నన్ను పట్టుకున్నారు. "ఆంటీ, వార్డులో పేషెంట్ల ముందు మన భాష మాట్లాడొద్దంటున్నారు. మీ రోజుల్లో కూడా ఈ రూల్ ఉండేదా?" అని అడిగారు. ఉండేదమ్మా, అన్నాను. పాటించేవారా అని అడగలేదు కాబట్టి బతికిపోయాను. అడిగి ఉంటే నిలబడి చెప్పే సంగతి కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. రూల్ మంచిదో చెడ్డదో చివర్లో మీరే తేల్చుకోండి.

నేను భీమవరం వైపు నుంచి వచ్చి ఢిల్లీలో స్థిరపడ్డదాన్ని. ఉద్యోగంలో చివరి ఏళ్ళన్నీ ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలసిస్ యూనిట్లో గడిచాయి. ఇన్‌చార్జిని నేనే. నా కింద నర్సాపురం అమ్మాయి ఒకతె ఉండేది. పనిలో చురుకు, చెయ్యి తేలిక, సూది గుచ్చితే గుచ్చినట్టే తెలియదు. ఒక్కటే లోపం. నోట్లో నువ్వుగింజ నానదు. ఏ కబురైనా దానికి తెలిసిన మరుక్షణం నాకు తెలియాల్సిందే. మేమిద్దరం తెలుగులో మాట్లాడుకుంటే చుట్టూ పడుకున్న పేషెంట్లు మాకు గోడలతో సమానం. పంజాబీ వాళ్ళు, బనియా వ్యాపారులు, బీహారీ వాళ్ళు, అందరి తలల మీదుగా మా కబుర్లు రాకపోకలు చేస్తూ ఉండేవి. ఇంటద్దెలు, అత్తగార్లు, చర్చి కమిటీ తగువులు, ఏ డాక్టరు ఎంత చాదస్తుడో, అన్నీ.

డయాలసిస్ అంటే మీకు చెప్పక్కర్లేదు. చదివే మిగతావాళ్ళ కోసం ఒక్క మాట. మూత్రపిండాలు చేయలేని పనిని మెషీను చేస్తుంది. చేతికి రెండు సూదులు గుచ్చి, రక్తాన్ని బయటికి తీసి, శుభ్రం చేసి తిరిగి పంపుతుంది. వారానికి మూడుసార్లు, పూటకు నాలుగు గంటలు కదలకుండా కూర్చోవాలి. కూర్చోవడమే అసలు మందు. ఎంత మంచి మెషీనైనా మధ్యలో లేచిపోయేవాణ్ణి ఏం చేయగలదు?

మా మాస్టర్‌జీ మధ్యలో లేచిపోయే మనిషి.

ఆయనది హిమాలయాల్లోని గఢ్వాల్. సర్కారీ బడిలో పీటీ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఢిల్లీ లోకల్ ఫుట్‌బాల్ పోటీల్లో ఏళ్ళ తరబడి రెఫరీగా విజిల్ ఊదారు. జీవితమంతా మైదానంలో పరిగెత్తిన మనిషిని తెచ్చి కుర్చీకి కట్టేస్తే ఎలా ఉంటుంది? గంటన్నర అయ్యేసరికి మొదలుపెట్టేవారు. "బస్ సిస్టర్‌జీ, అబ్ ఉతార్ దో." చాలు, ఇక తీసేయండి. బతిమాలేదాన్ని, గదమాయించేదాన్ని, వాళ్ళమ్మాయి మీద ఒట్టు పెట్టేదాన్ని. వినేవారు కాదు. ఒంట్లో నీరు అలాగే మిగిలిపోయేది. రెండుసార్లు ఊపిరాడక ఎమర్జెన్సీకి తెచ్చారు. "ఇలాగే లేచిపోతుంటే ఈసారి దక్కరు" అని డాక్టరుగారు ఆయన ముందే చెప్పారు. మాస్టర్‌జీ నవ్వి, రెఫరీతో వాదించకూడదు అన్నారు. మరుసటి రోజు మళ్ళీ గంటన్నరకే లేచారు.

నేనూ నర్సాపురం అమ్మాయీ ఆయనకు మా భాషలో ఒక పేరు పెట్టుకున్నాం. "మన ముసలోడు." అందులో చులకన ఏమీ లేదు. ఇంట్లో తాతను అన్నట్టే అనేవాళ్ళం. "అక్కా, మన ముసలోడి బరువు చూశావా?" "ముసలోడు ఇవాళ నీరసంగా ఉన్నాడే." ఆయన ఎదురుగా, ఆయన చెయ్యి పట్టుకుని మరీ.

ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టింది మేం కాదు. ఫుట్‌బాల్.

సముద్రాల అవతల ఎక్కడో ఒక ఊరు, ఆ ఊరికి ఒక జట్టు, ఎర్ర చొక్కాలు. ఆయన ఆ ఊరు చూసింది లేదు. అయినా ప్రాణం. దేశదేశాల క్లబ్బులన్నీ కలిసి ఆడే పెద్ద పోటీ ఒకటి ఏటా జరుగుతుంది. ఆ మ్యాచ్‌లు మనకు అర్ధరాత్రి దాటాక వస్తాయి. ఆయన గుండె బలహీనమని తెలిసిన కూతురు రాత్రి మేలుకోనివ్వదు. అందుకని మంగళవారం రాత్రి జరిగిన వాళ్ళ ఆటనూ, వేరే జట్ల ఆట ఇంకోదాన్నీ ఒక బుధవారం పొద్దున టాబ్‌లో పెట్టి, మా దగ్గర వదిలి ఆఫీసుకు వెళ్ళింది. ఆ పూట రెండో ఆట నడుస్తుండగా మెషీను పని ముగించి కూత పెట్టినా ఆయనకు వినబడలేదు. ఎవరో ఆటగాణ్ణి తిడుతున్నారు. నేను సూదులు తీయబోతే "రుకో, రుకో" అన్నారు. ఆగమనడం ఆయన నోట నేను విన్నది అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ రోజు నుంచి మా వార్డులో అదే మందు. బుధవారం మ్యాచ్. శుక్రవారం దాని మీద తగువు. పక్క కుర్చీలోని కరోల్‌బాగ్ బట్టల వ్యాపారికి ఆట ఓనమాలు తెలియవు, అయినా ఆయనతోనే తగువు. సోమవారం రాబోయే మ్యాచ్ గురించి జోస్యాలు. అలా వారం గడిచిపోయేది. అయితే ఒక షరతు. ఫలితం ముందుగా తెలియకూడదు. ఒకసారి కొత్త మ్యాచ్ లేక, పాతది పెట్టి చూశాం. గంటకే మూసేశారు. "ఫలితం తెలిసిన ఆటకు ఎవరు కూర్చుంటారు సిస్టర్‌జీ?" అన్నారు.

అలా వార్డు మొత్తం స్కోరు దాచే పనిలో పడింది. గోడ మీది టీవీలో వార్తలు బంద్, భజనలు పెట్టాం. బట్టల వ్యాపారి తన పేపర్లో ఆటల పేజీ చించి దిండు కింద పెట్టుకునేవాడు. తుడిచే ఆమె కూడా గుమ్మం దగ్గర ఆగి "బోలూఁ క్యా?", స్కోరు చెప్పెయ్యనా, అని నన్ను ఏడిపించేది. చిక్కల్లా ఆ టాబ్‌తోనే. మ్యాచ్ తెరిచే చోటే బొమ్మ మీద ఫలితం కనబడుతుంది. ఎవరో ఒకరు ఆయనకు వీపు తిప్పి నిలబడి, మ్యాచ్‌ను మొదటికి తెచ్చి, అప్పుడు చేతికివ్వాలి. ఆ పని నర్సాపురం అమ్మాయిది. అంటే ప్రతి బుధవారం ముందుగా తెలిసేది ఎవరికి? నువ్వుగింజ నానని నోటికి.

దానికి తెలిస్తే నాకు తెలిసినట్టే. సూదులు గుచ్చుతూ తెలుగులో చెప్పేసేది. "అక్కా, గెలిచారక్కా. ఇవాళ బీపీ చూసుకో." నేను "సరే, నోరు మూసుకో" అనేదాన్ని. మధ్యలో మాస్టర్‌జీ కళ్ళు మూసుకుని ప్రశాంతంగా పడుకుని ఉండేవారు.

చలి తగ్గి, రోడ్ల పక్కన బూరుగులు ఎర్రగా పూసే రోజులకు ఆ పోటీ నాకౌట్‌కు వచ్చింది. ఇక్కడినుంచి ఓడితే ఇంటికే. ఒక్కో జట్టుతో రెండేసి ఆటలు, ఒకటి వీళ్ళ ఊళ్ళో, ఒకటి వాళ్ళ ఊళ్ళో. రెండింట్లో గోల్స్ కలిపి చూస్తారు. మాస్టర్‌జీ వివరిస్తే, వియ్యాలవారి విందుల్లాగా అన్నమాట అనుకున్నాను. నా భయం వేరు. ఈ జట్టు పోటీలోంచి పోతే ముసలాయన కుర్చీలోంచి లేచిపోతారు. చర్చిలో ప్రార్థన అవసరతలు చెప్పమంటే లేచి నిలబడ్డాను. "ఒక పేషెంటు కోసం" అన్నాను. పాస్టరుగారు జబ్బేమిటని అడిగారు. ఫుట్‌బాల్ అని ఎలా చెప్పను? కిడ్నీలు అన్నాను. దేవుడికి మాత్రం మనసులో ఎర్ర చొక్కాలని వివరంగా చెప్పుకున్నాను.

ఆ రోజుల్లోనే ఇంకో కబురు వచ్చింది. మాస్టర్‌జీ కూతురు తన కిడ్నీ ఇస్తానంది. గురుగ్రామ్‌లో ఉద్యోగం, పెళ్ళి కాని పిల్ల, తల్లి లేదు, తండ్రే లోకం. పరీక్షలు మొదలయ్యాయి. ఆపరేషన్ అయ్యాక సొంత ఊరికి కొండెక్కి నడిచి వెళ్తానని ఆయన వార్డులో అందరికీ చెప్పుకున్నారు. చివరికి ఆయన గుండె పరీక్ష చూసి డాక్టర్లు కుదరదన్నారు. మత్తుకే ఆ గుండె తట్టుకోదు. వరండాలో డాక్టరుగారు ఈ మాట చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "దీదీ, పాపాకు నేనే చెప్తాను. ఇప్పుడే కాదు. నాకు కొంచెం టైం ఇవ్వండి. మీరెవరూ చెప్పకండి." సరేనన్నాను.

లోపలికి వచ్చి, మెషీను సర్దుతూ, మాస్టర్‌జీ కుర్చీకి అటూ ఇటూ నిలబడి మేమిద్దరం మాట్లాడుకున్నాం.

"ఆపరేషన్ లేదంటమ్మా. గుండె తట్టుకోదంట. ముసలోడికి చెప్పకు, వాళ్ళమ్మాయే చెప్తానంది."

"అయ్యో! మరెలాగక్కా? మెషీను మీదే ఎన్నాళ్ళు నెట్టుకొస్తాడు?"

"దేవుడికే తెలియాలి. పూర్తిగా కూర్చుంటే కొన్నేళ్ళు నడుస్తుంది. కూర్చోవాలిగా."

మాస్టర్‌జీ కళ్ళు తెరిచి, "క్యా హువా సిస్టర్‌జీ?" అని ఏమైందో అడిగారు.

నర్సాపురం అమ్మాయి ఠక్కున, హిందీలో, "నా చెల్లెలి పెళ్ళి సంగతండీ" అంది. దానికి చెల్లెలే లేదు.

"అచ్ఛా," అన్నారు ఆయన. "ముబారక్ హో."

శుభాకాంక్షలు చెప్పి అక్కడితో ఆగారా? లేదు. ప్రతి బుధవారం అడిగేవారు. పెళ్ళికొడుకు ఏం చేస్తాడు? ఎత్తు ఎంత? ఆటలు ఆడతాడా? పాపం అది తడబడుతూ లేని చెల్లెలికి లేని సంబంధం వారం వారం అల్లుకుంటూ పోయింది. మాస్టర్‌జీ ఎంత శ్రద్ధగా వినేవారో!

ఇక ఆ బుధవారం. క్వార్టర్ ఫైనల్లో రెండో ఆట. మొదటిది వీళ్ళు ఒక్క గోలుతో గెలిచి ఉన్నారు. నర్సాపురం అమ్మాయి వీపు తిప్పి టాబ్ తెరిచింది. భుజాలు కుంగిపోవడం నాకు కనబడింది. టాబ్ ఆయన ఒళ్ళో పెట్టి, నా వైపు వచ్చి, తెలుగులో గొణిగింది.

"పోయిందక్కా. ఓడిపోయారు. చివర్లో కొట్టేశారంట."

"మొహం సరిచేసుకో తల్లీ. ఇవాళ్టికైనా ముసలోణ్ణి పూర్తిగా కూర్చోనివ్వు. శుక్రవారం సంగతి తర్వాత ఏడుద్దాం."

"క్యా హువా బేటీ?" అన్నారు మాస్టర్‌జీ.

"పెళ్ళి తప్పిపోయిందండీ," అంది అది. కళ్ళలో నీళ్ళు మాత్రం నిజమైనవే.

ఆయన దాని వంక చాలాసేపు చూశారు. "కోయీ బాత్ నహీఁ," ఫర్లేదులే, అన్నారు. "అమ్మాయి మంచిదైతే ఇంకో సంబంధం వస్తుంది. ఏడవకు."

తర్వాత ఆట మొదలైంది. ఆయన ఎప్పటిలాగే చూశారు. రెఫరీని తిట్టారు, తమ గోల్‌కీపరును మెచ్చుకున్నారు. అవతలివాళ్ళు ఒక గోలు కొట్టి లెక్క సరిచేస్తే పళ్ళు కొరికారు. నేను బీపీ చూస్తూ, ఆయన మొహం చూడకుండా గడిపాను. ఆట ఇంక ముగుస్తుందనగా ఆ గోలు పడింది. ఆయన సూదుల్లేని చెయ్యి నెత్తిన పెట్టుకున్నారు. నోరు కొంచెం తెరుచుకుంది. "అచ్ఛా?" అన్నారు, చాలా మెల్లగా, ఎవరో నమ్మలేని మాట చెప్పినట్టు. ఆ మొహం నేను మరచిపోలేను.

ఓడినవాళ్ళు గడ్డి మీద కూలబడ్డారు. తర్వాత లేచి, తమ జనం ఉన్న వైపు నడిచారు. అదంతా అయ్యేదాకా చూసి ఆయన టాబ్ మూశారు. మెషీన్లో ఇంకా చాలా సమయం మిగిలి ఉంది. ఇప్పుడు "ఉతార్ దో" అంటారు, అనుకున్నాను. చెప్పాల్సిన బతిమాలుళ్ళన్నీ కూడగట్టుకుని దగ్గరికి వెళ్ళాను.

"మాస్టర్‌జీ, ఇంకో మ్యాచ్ పెట్టనా?"

ఆయన అటూ ఇటూ చూశారు. బట్టల వ్యాపారి నిద్రపోతున్నాడు.

"వద్దండి సిస్టర్‌గారు," అన్నారు. తెలుగులో. "ముసలోడు కూర్చుంటాడండి."

నా చేతిలోని పట్టీ కింద పడింది. హిందీ మనిషి వచ్చీరాని తెలుగు కాదది. సాగదీతతో సహా అచ్చం నర్సాపురం యాస. ఆడపిల్ల గొంతులోని ఆ విరుపు కూడా ఉంది. మా దగ్గర తప్ప ఆయన తెలుగు ఎక్కడ విన్నారని? తనను తాను 'ముసలోడు' అనడం కూడా మేం నేర్పిందే. తెలుగులో ఆయనకు తెలిసిన తన పేరు అదొక్కటే.

"మీకు తెలుగు వచ్చా?"

"ఆయ్," అన్నారు. మా గోదావరి వాళ్ళు అవునని చెప్పే ఆ ఒక్క మాటకు నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మిగతాది హిందీలోనూ తెలుగులోనూ కలిపి చెప్పారు. వారానికి మూడు పూటలు, ఇన్నేళ్ళు, పైకప్పు చూస్తూ పడుకుంటే ఏం చేస్తాం? చెవులకు పని పెట్టారు. ముందు సూది, నొప్పి, బరువు. తర్వాత అత్తగారు, అద్దె, కమిటీ. "డాక్టరుగారికి మీరు పెట్టిన పేరు కూడా తెలుసండి," అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పేరు ఇక్కడ రాయను.

అప్పుడు పొద్దుటి సంగతి తట్టింది. "మరి, ఓడిపోయారని అది అన్నప్పుడు..."

"విన్నానండి."

"వినీ మొత్తం చూశారా? ఫలితం తెలిసిన ఆటకు ఎవరు కూర్చుంటారని మీరే కదా అన్నారు!"

ఆయన మూసిన టాబ్‌ను పక్కన పెట్టారు. తర్వాత హిందీలోకి వెళ్ళిపోయారు. "ఫలితం నాకు తెలుసు సిస్టర్‌జీ. ఆడేవాళ్ళకు తెలియదు కదా. వాళ్ళు గెలవాలనే పరిగెడుతున్నారు. నేను మధ్యలో లేచిపోతే ఏం బాగుంటుంది?"

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక స్టూలు లాక్కుని కూర్చున్నాను. "చెల్లెలి పెళ్ళి..." అన్నాను.

"ముసలోడికి తెలుసండి," అన్నారు. "మొదటి రోజు నుంచీ తెలుసు. అమ్మాయి చెప్తానంది కదండి. చెప్పనివ్వండి. తను ఇంకా వేరే ఆసుపత్రులకు తిరుగుతోంది, వేరే డాక్టర్లకు చూపిస్తోంది. నాకు తెలుసని తనకు తెలియకూడదు. తను అడిగితే మీకు పెళ్ళి కబుర్లు చెప్పడం వచ్చు కదా."

నేను మాస్కు వెనక ఏడ్చాను. అంత పెద్ద యూనిట్‌ను నడిపిన ఇన్‌చార్జిని, పేషెంటు చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆయన ఆ చేత్తోనే నా చెయ్యి తట్టారు. మెషీను కూత పెట్టేదాకా ఉండి లేచారు. శుక్రవారం జట్టు లేదు, మ్యాచ్ లేదు, తగువు లేదు. అయినా వచ్చి, నాలుగు గంటలూ కూర్చున్నారు. సోమవారం కూడా. ఆ తర్వాత ఆయన మధ్యలో లేచింది నేను చూడలేదు. ఎర్ర చొక్కాలవాళ్ళు మరుసటి ఏడు అంతకంటే ముందుకు వెళ్ళారు. అదీ చూశారు, స్కోరు దాచమని మమ్మల్ని బతిమాలి మరీ. నర్సాపురం అమ్మాయి ఆయన దగ్గర మాత్రం తెలుగు మానేసి, సైగలు చేయడం నేర్చుకుంది. సైగలు కూడా ఆయనకు అర్థమయ్యేవనే నా అనుమానం.

కాబట్టి అమ్మాయిలూ, పేషెంట్ల ముందు మన భాష మాట్లాడొద్దన్న రూల్ మంచిదే. పాటించండి. నేను పాటించి ఉంటే ఒక మనిషిని అంత దగ్గరగా తెలుసుకునేదాన్ని కాదు, అంతే.

ఇంకొక్క పూట సంగతి చెప్పి ఆపేస్తాను. ఆ ఏడే, వేడిగాలులు మొదలైన రోజుల్లో, ఒక పొద్దున ఆ పిల్ల తండ్రిని దింపి ఆఫీసుకు వెళ్ళకుండా ఉండిపోయింది. స్టూలు మీద కూర్చుని, సూదుల్లేని చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. నేను మెషీను వెనక నిలబడ్డాను.

"పాపా," అంది. "ఆపరేషన్ కుదరదంటున్నారు. ఎందరినో అడిగాను. అందరూ అదే మాట."

ఆయన చెయ్యి విడిపించుకుని నెత్తిన పెట్టుకున్నారు. నోరు కొంచెం తెరుచుకుంది. "అచ్ఛా?" అన్నారు, చాలా మెల్లగా.

చివరి గోలు పడ్డప్పటి మొహమే. వెంట్రుకవాసి తేడా లేదు.

ఆ పిల్ల ఆయన ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. ఇన్నాళ్ళూ మోసిన బరువంతా దించుకుంటున్నట్టు ఏడ్చింది. ఆయన దాని జుట్టు నిమురుతూ "కోయీ బాత్ నహీఁ బేటా, నేను కూర్చుంటాను కదా, ఎన్ని గంటలంటే అన్ని గంటలు" అన్నారు. తర్వాత ఆ తల మీదుగా నా వైపు చూసి, తెలుగులో అడిగారు.

"బాగా చేశానా అండి?"

నేను తల ఊపాను. ఆ పిల్ల తలెత్తి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "దీదీ, పాపా మీ భాషలో మాట్లాడారా? ఏమన్నారు?"

"మా సిస్టర్ చెల్లెలి పెళ్ళి సంగతి అడుగుతున్నారమ్మా. మళ్ళీ కుదిరింది."

"అచ్ఛా," అంది ఆ పిల్ల, కళ్ళు తుడుచుకుంటూ. "ముబారక్ హో."